చుట్టూ తిరుగాడే ప్రాణి

గాయపడిన వీధిపిల్లిని చేరదీసిన కొందరు, అది పిలిస్తే రాదని, ఒడిలో నిలవదని మాతో నొచ్చుకుంటుంటారు. వారికి మేము అన్సారీ సహాబీ అబూ ఖతాదా (రజి) ఉదంతం చెబుతాము.

ఆయన వుజూ కొరకు కోడలు కబ్షా నీళ్లు పోశారు. అంతలో ఒక పిల్లి వచ్చింది. ఆయన దానిని అదిలించలేదు. అది తాగేంతవరకు పాత్రను వంచి పట్టుకున్నారు. కోడలు విస్మయంతో చూడగా, పిల్లి అశుద్ధం కాదని, మన చుట్టూ తిరుగాడే వాటిలో ఒకటని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు తెలిపారు.

తిరుగాడేది అన్నారు, కట్టుబడి ఉండేది అనలేదు! పిల్లిని బంధించి, తిండి పెట్టక, పురుగూ పుట్రా వెదుక్కోవడానికైనా వదలక చంపిన స్త్రీ నరకం పాలైన సంగతి బుఖారీ గ్రంథంలో ఉంది. అబూ హురైరా (రజి) పేరుకే 'పిల్లికూన తండ్రి' అని అర్థం. ఇంటివారి జీవాలను మేపే రోజుల్లో ఆయన పగలు ఆ కూనతో ఆడుకొని, రాత్రికి దానిని చెట్టుపై ఉంచేవారు.