మద్రాసు క్షయ పరిశోధన

క్షయ రోగిని ఇంట్లోనే ఉంచి మందులతో నయం చేయవచ్చని 1959లో రుజువు చేసిన వైద్య పరిశోధన ఇది. భారతదేశపు క్షయ నియంత్రణ విధానం దీని మీదే నిలబడింది.

అంతకుముందు క్షయకు వైద్యమంటే శానిటోరియమే. మంచి గాలి, పూర్తి విశ్రాంతి, బలమైన తిండి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానికి దక్షిణాది అంతటా పేరు వచ్చింది ఇందుకే. అయితే దేశంలో రోగులు లక్షల్లో ఉంటే పడకలు వేలల్లోనే ఉండేవి. స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనియాజిడ్ అనే మందులు వచ్చాక అసలు ప్రశ్న ఎదురైంది: నయం చేసేది మందా, పడకా?

తేల్చడానికి 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం వెలిసింది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి చేతులు కలిపాయి. వాలెస్ ఫాక్స్ నాయకత్వం వహించారు. నగరంలోని 193 మంది పేద రోగులను యాదృచ్ఛికంగా రెండు జట్లు చేశారు. వైద్యుడి ఇష్టానికీ, రోగి పలుకుబడికీ అక్కడ చోటు లేదు. అందరికీ ఏడాదిపాటు అవే మందులు. ఒక జట్టు శానిటోరియంలో, మరొకటి ఇరుకిళ్లలో.

శానిటోరియం వారు బాగా తిన్నారు, ఎక్కువ విశ్రాంతి తీసుకున్నారు. ఇంటి దగ్గరున్నవారికి ఆ రెండూ తక్కువే. అయినా ఏడాది చివర శానిటోరియంలో 92 శాతం, ఇళ్లలో 86 శాతం మందిలో వ్యాధి అణిగింది. అందరూ భయపడింది ఇంట్లోని పిల్లల గురించి. ఐదేళ్లు గమనించినా, రోగిని ఇంట్లో ఉంచినందువల్ల వారికి ముప్పు పెరగలేదు. నా దృష్టిలో ఈ పరిశోధన చేసిన అన్నిటికన్నా పెద్ద మేలు ఇదే. తల్లిని బిడ్డ నుంచి విడదీయాల్సిన అవసరం తప్పింది.

1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం ఇంటి వైద్యాన్నే ఆధారం చేసుకుంది. మందులు మధ్యలో మానేసేవారి కోసం, వారానికి రెండుసార్లు సిబ్బంది ఎదుటే మందు ఇచ్చే పద్ధతినీ మద్రాసు కేంద్రమే పరీక్షించింది. ఇలా ఎదుటే మందు మింగించే, తర్వాత ప్రపంచమంతా పాకిన ‘డాట్స్’ విధానానికి మూలాలు అక్కడున్నాయి.

డాట్స్ కింద భారత్ వారానికి మూడుసార్ల మందును ఎంచుకుంది. రోజూ వేసుకునే మందే మేలని కొత్త ఆధారాలు చెప్పడంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు మారాయి. 2017లో సుప్రీంకోర్టు గడువు విధించాక భారత ప్రభుత్వమూ రోజువారీ మందుకు మారింది.