తొమ్మిది ఎకరాల లెక్క

తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, తల్లి లేదు. పిత్రార్జితం తొమ్మిది ఎకరాలు. తండ్రి వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముందు తండ్రీకొడుకులు పంచుకున్నట్టు లెక్క కట్టాలి: మనిషికి మూడెకరాలు. తండ్రి వంతుకు వచ్చిన ఆ మూడెకరాల్లోనే ముగ్గురు పిల్లలకూ తలా ఒకటి. అంటే కొడుకులకు నాలుగేసి, కూతురికి ఒక్కటి. ఆడపిల్లకు వారసత్వం ఇచ్చామని ఘనంగా చెప్పుకున్న చట్టం చేసిన పంపకం ఇది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు మగవాడిదేనన్న మితాక్షర సూత్రాన్ని అది కదపలేదు. హిందూ కోడ్ బిల్లులో అంబేడ్కర్ తీసేయాలనుకున్నది దాన్నే. ఆ బిల్లు అటకెక్కడం ఆయన 1951లో మంత్రి పదవి వదులుకోవడానికి ఒక ముఖ్య కారణం.

కేరళ 1976లో ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే చట్టంతో రద్దు చేసింది. దాన్ని ఉంచుతూనే కూతురిని కొడుకుతో సమానంగా అందులో కూర్చోబెట్టిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. ఆడదన్న ఒక్క కారణంతో కూతురిని పక్కన పెట్టడం రాజ్యాంగ సమానత్వానికి విరుద్ధమనీ, వరకట్నం పుట్టింది ఆ మినహాయింపు నుంచేననీ దాని పీఠికే చెప్పింది. కొత్త లెక్కలో ఆ తొమ్మిది ఎకరాలు ముగ్గురికీ మూడేసి.

ఆడపిల్లకు వాటా ఇస్తే భూమి పరాయి ఇంటికి పోతుందన్నది మొదటి అభ్యంతరం. మన ఆచారమే దీనికి జవాబు. కొడుకులు లేని కమ్మ, రెడ్డి ఇళ్లలో ఇల్లరికపు అల్లుడికి కొడుకుతో సమానమైన వాటాను బ్రిటిషు కాలంలోనే మద్రాసు కోర్టులు గుర్తించాయి. కూతురి ద్వారా ఆస్తి పోవడంలో ఎవరికీ ఇబ్బంది లేదన్నమాట. ఆమె పేరున పోవడంలోనే వచ్చింది చిక్కు. కట్నం ఇచ్చాంగా, మళ్లీ వాటా ఏమిటన్నది రెండోది. పసుపు కుంకుమల కింద కూతురి పేరనే పెట్టిన పొలం వేరు. ఇచ్చినవాళ్లు ఆ మేరకు మెచ్చుకోదగ్గవాళ్లే. కట్నం మాత్రం ఎక్కువగా అత్తింటివారి చేతికి పోయే డబ్బు. పైగా ఎంతివ్వాలో బేరంలో తేలేదే తప్ప, ఆమె హక్కుగా అడగగలిగేది కాదు. ఇక పొలం ముక్కలవుతుందన్న వాదన ఉంది. నలుగురు కొడుకులు పంచుకున్నప్పుడు ఆ బెంగ ఎవరికీ కలగలేదు.

చట్టంలోని అసలు లోపం వేరే చోట ఉంది. అమలు తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లను అది వదిలేసింది. ఒకే ఇంట్లో చెల్లెలికి వాటా, అక్కకు లేదు. పెళ్లితో ఆడపిల్ల పుట్టింటికి పరాయిదవుతుందన్న పాత నమ్మకాన్ని కొత్త చట్టమే మోసుకొచ్చింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తర్వాత ఇదే దారి పట్టి, ఇదే మినహాయింపునూ ఉంచుకున్నాయి. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణతోనే అది తొలగింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. చట్టం చేయగలిగింది అంతవరకే. హక్కు విడుదల దస్తావేజు మీద ఆడపడుచు చేత సంతకం పెట్టించేవారు, కనీసం ఆమె వదులుకుంటున్నది ఎన్ని ఎకరాలో ముందు లెక్క కట్టి చెప్పండి.