నకలులో నిలిచిన ఓడ

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. నేను పండితుణ్ణి కాను. ముప్పయ్యేళ్లకు పైగా గుమాస్తాగా కాగితాలకు నకళ్లు తీసినవాణ్ణి. అందుచేత ఒక పాత ఓడ బొమ్మ గురించి, దానికి చేతితో నకళ్లు తీసినవారి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లకు ఓడలతో ఏం పని అని మీరు అడగవచ్చు. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే జాతీయ రహదారి చివరకు చేరేది మచిలీపట్నం రేవుకే. ఇక మిర్యాలగూడకు నాగార్జునకొండ దూరమేమీ కాదు. అక్కడి శాసనాల్లో సింహళ విహారం పేరు కనిపిస్తుంది. సింహళానికి రాకపోకలు ఓడ లేకుండా సాగవు కదా! క్రీ.శ. రెండో శతాబ్దంలో యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడను ముద్రించాడు.

అయితే నాణెం మీద ఓడ వేలి గోరంత. అదే ఓడను రంగుల్లో చూడాలంటే అజంతా రెండో గుహకు పోవాలి. అజంతా కూడా మనకు పరాయిది కాదు. 1956 వరకు ఔరంగాబాదు జిల్లా, మన నల్లగొండ జిల్లా ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. సుమారు 1500 ఏళ్ల కిందటి ఆ చిత్రంలో మూడు తెరచాపల ఓడ ఉంది. రెండు కొనలూ పైకి లేచి ఉంటాయి. ఓడలో కుండలు వరుసగా పేర్చి ఉంటాయి. అది పూర్ణుడి కథ. చందనం కోసం సముద్రం మీద పోయిన అతని అన్న తుఫానులో చిక్కుకుంటే, భిక్షువైన పూర్ణుడు వచ్చి కాపాడతాడు.

గోడ మీద బొమ్మ కలకాలం ఉండదు. నీటి చెమ్మకు, గబ్బిలాలకు పెళ్లలు రాలిపోతాయి. కనుక నకలు తీయాలని తెల్లదొరలు తలపెట్టారు. మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్ 1844లో పని మొదలుపెట్టి ఏళ్ల తరబడి గీశాడు. ఆ చిత్రాలు లండన్‌కు పోయాయి. 1866లో క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో చాలా భాగం కాలిపోయాయి. తరువాత 1872 నుంచి బొంబాయి ఆర్ట్ స్కూలు ప్రిన్సిపాల్ జాన్ గ్రిఫిత్స్, తన విద్యార్థులతో 13 ఏళ్లు కూర్చుని సుమారు 300 చిత్రాలు తయారు చేయించాడు. 1885లో లండన్‌లోనే మరో అగ్నిప్రమాదంలో వాటిలో వందకు పైగా బూడిదయ్యాయి. మిగిలినవాటి ఆధారంగా ఆయన 1890ల చివర పుస్తకం అచ్చు వేయించాడు. 1912లో రాధాకుముద్ ముఖర్జీ భారతీయ నౌకాయాన చరిత్ర రాసినప్పుడు అజంతా ఓడ, ఆంధ్ర నాణేల ఓడ ఒకే పుస్తకంలో చోటు చేసుకున్నాయి.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. రంగులు స్పష్టంగా కనబడాలని నకలు తీసేవారు గోడ మీది చిత్రాలకు వార్నీషు పూశారు. కాలక్రమాన అది పసుపుబారి, పగిలి, అసలుకే చేటు తెచ్చింది. నకలు కోసం అసలును పాడు చేసినట్లయింది.

తరువాతి ప్రయత్నంలో మన హైదరాబాదు వారి చేతులు కలిశాయి. 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ అజంతాకు వచ్చినప్పుడు, కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ మొదలైనవారు, హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ ఆమెతో కలిసి పనిచేశారు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ నెలకొల్పి గులాం యాజ్దానీకి అప్పగించింది. 1920లో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించి, పాత వార్నీషు తుడిపించి, ఊడిపోతున్న పెళ్లలను గోడకు అతికించే పని చేయించారు. సయ్యద్ అహ్మద్ ఆ తరువాత కూడా అజంతాను వదలలేదు. ఆయన, జలాలుద్దీన్ తీసిన నకళ్లు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి చేరాయి.

కొన్నేళ్ల కిందట మనవరాలిని వెంటబెట్టుకుని వాటిని చూశాను. "తాతయ్యా, ఇవి అసలువి కావు కదా, ఎందుకు ఇంతసేపు చూస్తున్నావు?" అని అడిగింది. దానికి నా పాత సంగతి ఒకటి చెప్పాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత పహాణీకి నకలు రాయమన్నారు. విస్తీర్ణం అంకె ఉన్న మూల చినిగిపోయింది. పక్క కాగితాలు చూసి అంకె ఊహించి వేశాను. పైనున్న హెడ్ క్లర్క్ దాన్ని కొట్టివేసి, "చినిగిన చోట చినిగిందని రాయి. నీ ఊహ వల్ల ఒకరి కుంట భూమి ఇంకొకరికి పోతుంది" అన్నారు. ఆ రోజు సిగ్గుపడ్డాను గాని, పదవీ విరమణ దాకా ఆ మాట తప్పలేదు.

బొమ్మకైనా అంతే. తెరచాప ఒకటి తక్కువగా ఉందని తోచి చిత్రకారుడు ఇంకొకటి చేర్చితే, రేపు చరిత్రకారుడు మన పూర్వుల ఓడకు అన్ని తెరచాపలు ఉండేవని రాసేస్తాడు. అసలు రాలిపోయిన నాడు సాక్ష్యం చెప్పేది నకలే. అది అబద్ధం చెబితే దిద్దడానికి ఇంకేమీ మిగలదు. లండన్‌లో కాలిపోయిన నకళ్లను చూస్తే, ఒక్క నకలు, ఒక్క చోట చాలదన్న సంగతి కూడా తెలుస్తుంది.

మనలో చాలామంది జీవితాంతం ఇతరుల కాగితాలకు నకళ్లు తీశాం. అది చిన్న పని అని ఇంట్లో పిల్లలు అనుకుంటే అనుకోనివ్వండి. హైదరాబాదు పోయినప్పుడు ఒకసారి వాళ్లను ఆ మ్యూజియానికి తీసుకుపోండి. నకలు తీసినవారి పేర్లు చదివి వినిపించండి.