పుట్టగొడుగు పుట్టుపూర్వోత్తరాలు విప్పిన డీఎన్‌ఏ

తొలకరి వానలకు చెదపుట్టల మీద తెల్లని గొడుగులు విచ్చుకుంటాయి. కంటికి కనిపించినదే తెలుగులో పేరైంది. పుట్టగొడుగు అనే మాట నేడు అన్ని రకాలకూ వర్తిస్తున్నా, నిజంగా పుట్టను ఆశ్రయించి బతికే ప్రజాతి వేరు. ఫ్రాన్సు శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో దానికి ‘టెర్మిటోమైసిస్’ అని నామకరణం చేశారు.

పుట్ట లోపల చెదపురుగులు ఎండుటాకులు, పుల్లలు నమిలి తుట్టెలు కట్టి, వాటిపై ఈ శిలీంద్రాన్ని సాగు చేస్తాయి. శిలీంద్రం మెత్తబరచిన ఆ పదార్థమే వాటికి ఆహారం. వానాకాలంలో తుట్టె నుంచి వేరు వంటి పొడవైన కాడ మట్టిని చీల్చుకుని పైకి వస్తుంది.

ఆకారం, సిద్ధబీజాల రంగు ఆధారంగా వర్గీకరించిన రోజుల్లో కొందరు నిపుణులు దీనిని ప్రాణాంతక రకాలున్న అమానిటా కుటుంబంలో చేర్చారు. డీఎన్‌ఏ క్రమాలను పోల్చిన తరువాత ఆ చుట్టరికం నిలవలేదు. ఇది లయోఫిల్లేసీ కుటుంబానికి చెందినదని తేలింది. తరతరాలుగా డీఎన్‌ఏలో చిన్న మార్పులు పేరుకుంటాయి. ఒకే పూర్వికుని నుంచి వచ్చిన మార్పులను ఉమ్మడిగా కలిగిన రకాలను దగ్గరి బంధువులుగా లెక్కిస్తారు.

2002లో డ్యూర్ ఆనెన్ బృందం చెదపురుగుల వంశవృక్షాన్ని, శిలీంద్రాల వంశవృక్షాన్ని పక్కపక్కన ఉంచి పరిశీలించింది. ఈ సేద్యం ఒక్కసారే, అదీ ఆఫ్రికాలో ఆరంభమై, అనంతరం ఆసియాకు విస్తరించిందని ఆ పరిశీలన సూచించింది. సేద్యం మానుకున్న పురుగు గాని, పుట్టను విడిచి స్వతంత్రంగా బతికే శిలీంద్రం గాని ఈ వంశాలలో కానరాలేదు. టాంజానియాలో లభించిన తుట్టె శిలాజాల వయసు సుమారు 2.5 కోట్ల సంవత్సరాలు. చెదపురుగుల తోడు లేకుండా దీనిని గొడుగు విచ్చే వరకు పెంచడం అతికష్టం. సంతకు వచ్చేది ప్రధానంగా అడవిలో, చేలగట్లపై ఏరిన సరుకే.

ఏరేటప్పుడు పొరపాటు పడితే ముప్పు తప్పదు. చుట్టరికం చూసి తినదగినదని నిర్ణయించడం కూడా ప్రమాదకరమే. పచ్చిక బయళ్లలో మొలిచే విషపు ‘క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్’ డీఎన్‌ఏ లెక్క ప్రకారం బజారులో అమ్మే బటన్ పుట్టగొడుగు కుటుంబానిదే. లేతగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి మోసగిస్తుంది. ముదిరాక గొడుగు అడుగు రేకులు ఆకుపచ్చకు తిరుగుతాయి. తిన్న కొద్ది గంటలలోనే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి.

శిలీంద్రాల గుర్తింపునకు ‘ఐటీఎస్’ అనే డీఎన్‌ఏ భాగాన్ని ప్రామాణికంగా వాడాలని 2012లో అంతర్జాతీయ నిపుణులు ప్రతిపాదించారు. వండిన ముక్క నుంచి కూడా రకాన్ని పోల్చుకునే వీలుంది. ఫలితం రావడానికి సమయం పడుతుంది కనుక చికిత్సకు దానికోసం వేచి ఉండరాదు. అస్వస్థతకు గురైనవారిని వెంటనే ఆసుపత్రికి చేర్చి, మిగిలిన కూరను, పచ్చి పుట్టగొడుగులుంటే వాటిని వైద్యులకు అందజేయాలి.