పట్టుపురుగు రక్తం: నల్లబడితే రోగమా, తెల్లబడితే రోగమా?

మల్బరీ పట్టుపురుగులను పెంచే రైతులు చాలామంది గాయపడిన పురుగు నుంచి కారిన రసం నల్లగా మారడం చూసి, షెడ్డులో ఏదో రోగం వచ్చిందని కంగారు పడుతుంటారు. నిజానికి అది ఆరోగ్యానికి గుర్తు. భయపడాల్సింది రక్తం పాలలాగా తెల్లబడినప్పుడు. ఈ తేడా తెలియాలంటే పురుగు రక్తం ఎక్కడ తయారవుతుందో కొంచెం తెలుసుకోవాలి.

పట్టుపురుగుకు మనలా రక్తనాళాల వల లేదు. ఒళ్లంతా రక్తంలోనే తేలుతున్నట్టు ఉంటుంది. తల వెనుక రెండో, మూడో ఖండాల్లో, రేపు సీతాకోకచిలుకకు రెక్కలుగా మారే మొగ్గలను అంటుకొని నాలుగు చిన్న అవయవాలు ఉంటాయి. రక్తకణాలను తయారు చేసి వదిలేవి ఇవే. తిరుగుతున్న కణాల్లో కొన్ని రక్తంలోనే విభజన చెంది కూడా పెరుగుతాయి.

ఈ కణాల్లో ఒక రకం, ప్రోఫినాల్ ఆక్సిడేజ్ అనే ప్రోటీన్‌ను తయారు చేసి రక్తంలోకి వదులుతుంది. గాయమైనా, సూక్ష్మజీవి చొరబడినా అది చురుకై నల్లని మెలనిన్ ఏర్పడుతుంది, గాయం మూసుకుంటుంది. ఊజీ ఈగ పిల్ల లోపలికి దూరిన చోట కనిపించే నల్లమచ్చ కూడా ఈ రక్తం పనే. ఈ ప్రోటీన్‌కు మూలం రక్తకణాలే కాబట్టి, కణాలు దెబ్బతింటే రక్షణా తగ్గుతుంది.

రక్తంలోని ప్రోటీన్లన్నీ కణాల నుంచి రావు. ఐదో దశలో రక్తంలో బాగా పెరిగే నిల్వ ప్రోటీన్లు కొవ్వు కణజాలంలో తయారై, ప్యూపాకు, గుడ్లకు పనికొస్తాయి. సూక్ష్మజీవులను చంపే చిన్న ప్రోటీన్లు కూడా ఎక్కువగా అక్కడివే.

గ్రాసరీ (పాల రోగం) వైరస్ సరిగ్గా ఈ రెండింటినీ, అంటే రక్తకణాలనూ కొవ్వునూ పట్టుకుంటుంది. కణాలు పగిలి వైరస్ స్ఫటికాలు రక్తంలో నిండిపోతాయి. అందుకే రక్తం పాలలా మారుతుంది. పురుగులకు మనలా యాంటీబాడీలు ఉండవు, కాబట్టి టీకా మాట ఎవరు చెప్పినా నమ్మవద్దు.

అనుమానం ఉంటే ఇలా చూడండి. జ్వరానికి కూర్చోకుండా పడక అంచుల్లో తిరుగుతున్న, కణుపులు ఉబ్బి చర్మం మెరుస్తున్న పురుగును తీసి, పొట్ట కింది కాలును సూదితో గుచ్చి, రక్తం చుక్కను నల్లని పళ్లెంలో వేయండి. తేటగా ఉండి కాసేపటికి నల్లబడితే గ్రాసరీ లక్షణం కాదు. తెల్లటి పాలలా ఉంటే గ్రాసరీయే అనుకోవాలి. ఒక జాగ్రత్త: పసుపు గూళ్లు కట్టే జాతుల రక్తం సహజంగానే పసుపు రంగులో ఉంటుంది. ఆకులోని కెరోటినాయిడ్ల వల్ల అలా ఉంటుంది, రోగం కాదు.

తెల్ల రక్తం కనిపించిన పురుగులను కోళ్లకు వేయకండి, పెంటకుప్పలో పారేయకండి. 10 లీటర్ల నీటికి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్, 30 గ్రాముల సున్నం కలిపిన ద్రావణంలో ముంచి, తర్వాత గుంటలో పూడ్చండి. గుచ్చిన సూదిని, పళ్లేన్ని అదే ద్రావణంలో కడగండి. చేతులు సబ్బుతో శుభ్రం చేసుకున్న తర్వాతే మిగతా పడకలను ముట్టుకోండి. పంట అయిపోయాక షెడ్డును, తట్టలను, చంద్రికలను ఇదే మోతాదుతో శుద్ధి చేయాలి.