పల్లె ఇంటికి రెండు విడతల్లో వచ్చిన సోలార్

తెలుగు పల్లెల్లోకి సోలార్ కరెంటు రెండు విడతల్లో వచ్చింది. మొదటి విడతలో తీగ చేరని గూడేలకు, చెంచుల పెంటలకు వచ్చింది. రెండో విడతలో తీగ, మీటరు, నెలనెలా బిల్లు అన్నీ ఉన్న డాబా ఇళ్లకు వచ్చింది. రెండుసార్లూ ఎండను కరెంటుగా మార్చే పని ఒక్కటే. ఇంట్లోవాళ్ల దినచర్యను మాత్రం అది రెండు రకాలుగా మార్చింది.

తీగ ఎక్కడికి చేరలేదో తెలియాలంటే, చేరిన చోటికి ఎందుకు చేరిందో చూడాలి. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. 1960ల మధ్యలో వచ్చిన కరువుల తర్వాత దేశంలో గ్రామీణ విద్యుదీకరణ అంటే ప్రధానంగా వ్యవసాయ బావికి మోటారు బిగించడమే అయింది. 1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ అప్పులు కూడా చాలావరకు ఆ దారినే నడిచాయి. దేశంలో ప్రయోగాత్మకంగా పెట్టిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఒకటి 1970లో సిరిసిల్లలో మొదలైంది. లైను బావి దాకా వచ్చాక పక్కనున్న ఇంట్లోనూ బల్బు వెలిగేది. బావీ మోటారూ లేని అడవి పల్లెలకు లైను వేయడం దండగ ఖర్చని లెక్కలు తేల్చాయి. అలా నల్లమల చెంచు పెంటలు, విశాఖ, ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేలు చాలాకాలం కిరోసిన్ బుడ్డితోనే గడిపాయి.

ఆ గూడేలకు చివరికి వెలుగు తెచ్చిన సిలికాన్ సౌర ఘటాన్ని అమెరికాలోని బెల్ ప్రయోగశాల 1954లో లోకానికి చూపించింది. మరుసటి ఏడాదే జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ దగ్గర పల్లె టెలిఫోన్ లైనుకు దాన్ని వాడి చూశారు. పని చేసింది, కానీ ధర అందలేదు. ఆ తర్వాత చాలాకాలం సౌర ఘటాలకు ఉపగ్రహాలే పెద్ద గిరాకీ. 1977 ప్రాంతంలో కూడా వాటి ధర సామాన్యుడికి అందనంత ఎక్కువగానే ఉండేది. మన దేశంలో సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1970ల చివర్లో సొంతంగా ఘటాలు, ప్యానెళ్లు తయారు చేసింది. 1982లో కేంద్రంలో సంప్రదాయేతర ఇంధన విభాగం ఏర్పడింది. కొన్నేళ్లకు రాష్ట్రంలో సంప్రదాయేతర ఇంధన అభివృద్ధి సంస్థ (నెడ్‌క్యాప్) వచ్చింది.

మొదటి విడత సరంజామా చిన్నది. ప్రభుత్వ నమూనాల్లో బాగా తెలిసినదాంట్లో 37 వాట్ల ప్యానెల్ ఒకటి, 12 వోల్టుల బ్యాటరీ ఒకటి, 9 వాట్ల సీఎఫ్ఎల్ దీపాలు రెండు ఉండేవి. పూరికప్పు మీద ప్యానెల్‌ను నిలపడం కష్టం కాబట్టి వాకిట్లో ఇనుప గొట్టం పాతి దాని తలమీద బిగించేవారు. బ్యాటరీని పెట్టెలో పెట్టి ఇంట్లో ఓ మూల ఉంచేవారు. లాంతరు గాజు తుడిచే పని తప్పింది గానీ దాని బదులు కొత్త పనులు వచ్చాయి. ప్యానెల్ మీద దుమ్ము తుడవాలి, నీడపడే కొమ్మ నరకాలి, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తగ్గకుండా చూసుకోవాలి. రోజుకు మూడు నాలుగు గంటల వెలుగే లెక్క. వానాకాలంలో ముసురు పట్టి రెండు మూడు రోజులు ఎండ లేకపోతే దీపం ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆర్పాలి అన్నది ఇంటి పెద్దలు తేల్చాల్సిన సంగతయ్యేది. వంటకా, పిల్లల చదువుకా అన్న పేచీ ఆ దీపంతో పాటే వచ్చింది.

ఈ విడతను దెబ్బతీసింది బ్యాటరీయే. ప్యానెల్ ఇరవై ఏళ్లు దాటి పనిచేస్తుంది, బ్యాటరీ నాలుగైదేళ్లకే చేతులెత్తేస్తుంది. కొత్తది కొనడానికి కూలి ఇంట్లో డబ్బుండదు, బాగుచేసే మనిషి మండల కేంద్రంలోనూ దొరకడు. పథకాలు సామాను ఇచ్చాయి తప్ప మరమ్మతు గురించి ఆలోచించలేదన్నది న్యాయమైన విమర్శే. ఈలోగా 2005లో రాజీవ్ గాంధీ విద్యుదీకరణ పథకం, 2017లో సౌభాగ్య వచ్చి లైను చాలా గూడేలకు చేరింది. వాకిట్లో గొట్టం మాత్రం మిగిలింది.

పొలంలో కథ వేరు. 2004 మేలో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత కరెంటు మొదలైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి దాన్ని 24 గంటలూ ఇచ్చారు. కరెంటు ఊరికే వస్తుంటే సోలార్ పంపుకు సబ్సిడీ పోను తన వాటా కట్టేందుకు రైతుకు తొందరేముంటుంది? సోలార్ పంపుల కోసం 2019లో వచ్చిన కుసుమ్ పథకానికి ఇక్కడ ఎదురైన అసలు అడ్డంకి ఇదే.

రెండో విడతకు దారి తీసింది ప్యానెల్ ధర పడిపోవడం, నెట్ మీటరింగ్ రావడం. పగలు మిగిలిన కరెంటు లైనులోకి పోతుంది, రాత్రి వాడినది దాంట్లోంచి తీసివేతవుతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 2 కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తోంది. కిలోవాటుకు దాదాపు 100 చదరపు అడుగుల జాగా కావాలి, సగటున రోజుకు 4 యూనిట్లు వస్తాయి.

ఆ జాగా దగ్గరే పల్లె ఇల్లు పట్నపు ఇంటికి భిన్నం. పల్లెలో డాబా ఖాళీ జాగా కాదు. మాఘ ఫాల్గుణాల్లో మిరపకాయలు, ఎండాకాలంలో వడియాలు అక్కడే ఎండాలి. ఉక్కపోసిన రాత్రి మంచాలు అక్కడికే ఎక్కాలి. అందుకే చాలామంది మనిషి ఎత్తుకు పైన ఇనుప చట్రం కట్టించుకుని కింద చోటు మిగుల్చుకుంటారు. స్లాబుకు రంధ్రాలు వేస్తే ఉరుస్తుందన్న భయంతో పైన కాంక్రీటు దిమ్మెలు పోయించి, అవి గట్టిపడ్డాక చట్రం నిలబెడతారు. ప్యానెళ్లు దక్షిణానికి వాలుతాయి. పెరట్లో గొయ్యి తీసి ఉప్పు, బొగ్గు వేసి ఎర్తింగ్ కడ్డీ దింపుతారు. చివర్లో విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) సిబ్బంది వచ్చి పాత మీటరు స్థానంలో రెండు వైపులా లెక్కించే మీటరు బిగించేదాకా బిల్లు తగ్గదు. ఆ తర్వాత ఇంటివాళ్లకు మిగిలేది తెల్లవారుజామున ప్యానెళ్లు కడగడం, కోతులను అదిలించడం.

ఒక్క సంగతి చాలామందికి కొన్నాక గానీ తెలియదు. లైనులో కరెంటు పోతే బ్యాటరీ లేని ఈ సోలార్ కూడా, నడి ఎండలోనైనా, దానంతటదే ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు ఇంటివైపు నుంచి షాక్ కొట్టకుండా ఇన్వర్టరులో పెట్టిన ఏర్పాటు ఇది. కోతలు ఎక్కువగా ఉండే చోట హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కలిపి పెట్టించుకోవాలి. ఆ బ్యాటరీకి సూర్యఘర్‌లో విడిగా సబ్సిడీ లేదు.