తంపర బంజరు గాదు



భావనపాడు మన మత్స్యకార కులమువారికి క్రొత్త పేరు గాదు. సంతబొమ్మాళి మండలమున కడలి యొడ్డున నున్న యీ గ్రామమునకు ముందు సముద్రము. వెనుకవైపున నౌపడా ఉప్పుమళ్లును, కాకరాపల్లి తంపరయు గలవు. సముద్రమును గూర్చి మనవారికి మేము చెప్పవలసినది లేదు. వెనుకనున్న తంపరను గూర్చియే యీ వ్యాసము. ఏలయన, గంగమ్మకు మ్రొక్కి వేటకు బోవు మనవారే తంపరను బంజరని పిలుచుట పలుమారు వింటిమి. మాట చిన్నదే. కాని యొక నేలకు ఆ పేరు పడినపిమ్మట, దానిని ఎవ్వరికిచ్చినను పోయిన దేమియను ప్రశ్న దానంతట పుట్టును. మన జిల్లాలో నిటీవలి చరిత్రమే దీనికి సాక్ష్యము.

పూర్వులకు ఈ భ్రాంతి లేదు. ఆయుర్వేదము దేశమును జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు విధములుగా విభజించినది. నీరు సమృద్ధిగా నిలుచు పల్లపునేల ఆనూపము. అందలి ప్రాణులను సుశ్రుతసంహిత కూలచరములు, ప్లవములు, కోశస్థములు, పాదినములు, మత్స్యములు అని యైదు తెగలుగా లెక్కించెను. అనగా మహిషాదులగు ఒడ్డున మేయు జంతువులు, హంస సారసాది నీటిపక్షులు, శంఖము మొదలగు చిప్పజాతి, తాబేలు ఎండ్రకాయ మొదలగు కాళ్లుగలవి, చేపలు. ఆ గ్రంథము మాంసగుణములను జెప్పుటకై వీనిని లెక్కించెనేగాని రక్షించుటకై కాదు. ఈ సత్యమును మేము దాచము. అయినను, ఒక నేలను జూచి యందేమేమి యున్నదో లెక్కపెట్టినవాడు దానిని బంజరనజాలడు గదా! నేడు తంపరగట్టుపై నిలిచినచో, మేయుచున్న గేదె మొదలు ఆ యైదు తెగలును మన కన్నులకు గోచరించును.

తంపర చేయు పని యెట్టిదో విచారింతము. వానకాలమున పైనుండి దిగు మంచినీరును, పోటుతో మొగగుండ వచ్చు ఉప్పునీరును అచట కలియును. అనేకజాతుల రొయ్యలు సముద్రమున గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఉప్పుటేళ్లగుండ ఇట్టి కలగలుపు నీటికి వచ్చి, గడ్డిదుబ్బుల చాటున పెరిగి, మరల కడలి చేరును. కావున మన వలలో బడు రొయ్యలలో ననేకములు తంపరబడిలో చదివి వచ్చినవే! బడి మూసివేసి పిల్లలు పెద్దవారు కాలేదని వగచుట యెట్టిదో, తంపర పూడ్చి కడలిలో రొయ్య లేదని వగచుటయు నట్టిదే. ఇదిగాక, వరదనీటిని తనలో నిలుపుకొని చుట్టుపట్ల యూళ్లను కాచుటయు తంపర పనియే.

టెక్కలి దాపున తేలినీలాపురమున చెట్లపై గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును ఏటేట చలికాలమున గూళ్లు కట్టుకొనును. వీనిని సైబీరియా పక్షులని జనులందురు. కాని యీ రెండును దక్షిణాసియా జాతులే యని పక్షిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎచ్చటివైన నేమి? ఊరివారు వాని రాకను శుభమని యెంచి, కొట్టనీయక కాపాడుచున్నారు. అవి మేతకు వచ్చునది నౌపడా తంపరకే. తంపర పోయినచో తేలినీలాపురమున చెట్లుండును, గూళ్లుండవు. 2021 డిసెంబరులోను 2022 జనవరిలోను అచ్చట నూఱుకు మించిన గూడబాతులు చచ్చెను. కడుపులో జేరిన పురుగులు కారణమని తేలెను. అట్టి పురుగులు తిన్న చేపలద్వారా వచ్చును. చేపయే మనకును ఆహారము గనుక, పక్షికి వచ్చిన ముప్పు పక్షిదేయని యూరకుండుట వివేకము గాదు.

ఇక చరిత్రము. సోంపేట బీలలో బొగ్గుతో విద్యుత్తు పుట్టించు కర్మాగారమును కట్టబూనగా, రైతులును మత్స్యకారులును ఏకమై యెదిరించిరి. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ఇరువురు మరణించిరి. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కర్మాగారమునకిచ్చిన యనుమతిని రద్దుచేసెను. కాకరాపల్లి తంపరలోను అట్టి కర్మాగారమే తలపెట్టబడెను. 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్రకడ కాల్పులు జరిగి మరల ప్రాణములు పోయినవి. ఆ చనిపోయినవారు పెద్దచదువులు చదివినవారు గారు. అయినను ఈ నేల బంజరు గాదను ఒక్కమాటను ప్రపంచమునకు జెప్పుటకు వారు చెల్లించిన వెల మన మెన్నటికిని మఱవరానిది.

పరులను నిందించుట సులభము. మన తప్పును గూడ చెప్పుకొందము. విష్ణువు కూర్మరూపమున పూజలందు శ్రీకూర్మక్షేత్రము మన జిల్లాలోనిదే. ఏటేట చలికాలము మొదలు ఎండలు ముదురువఱకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరమున కెక్కి, ఒక్కొక్కటి సుమారు నూఱు గ్రుడ్లు ఇసుకలో బెట్టి పోవును. ఊపిరికై నీటిపైకి రావలసిన ప్రాణి యది. లాగుడువలలో చిక్కినచో ఊపిరాడక చచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని మొదటి షెడ్యూలున జేర్చినది. చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు గొట్టుకొనివచ్చుట మనలో చూడనివా రెవ్వరు? గుడిలో కూర్మమునకు మ్రొక్కి, వలలో కూర్మమును చంపుట ధర్మమా? మరపడవలు పరతీరములవారివని యందుము. కొంతవఱ కది నిజమే. కాని చేపపిల్లలను సైతము విడువని సన్నకన్ను వలలు మనవే గదా!

2023 ఏప్రిలు 19న మూలపేటలో రేవునకు శంకుస్థాపన జరిగెను. రేవు వలదని మే మనము. మన పిల్లలకు ఉద్యోగములు కావలెను. కాని కడలిలో రాతికట్ట వేసినచో ఇసుక యొకవైపు చేరి మఱొకవైపు తీరము కోతబడుట విశాఖపట్టణమున చూచితిమి. పడవలు నిలుపు ఇసుకమేటలును, తాబేలు గ్రుడ్లుపెట్టు తావులును, మొగయు చెడకుండ చూడుడని యడుగు హక్కు మనకు గలదు. అయితే ముందు మనము వానిని కాచినగదా ఆ మాటకు బలము!

కావున సభవారికి మా విన్నపములు మూడు. తంపరను జలాశయముగా నెంచి కాపాడవలెనని ప్రభుత్వమునకు తీర్మానము పంపవలయును. తాబేలు తప్పించుకొను సాధనములేని లాగుడువలను మనవారెవ్వరును వాడరాదని కులకట్టుబాటు చేయవలయును. ఏప్రిలు 15 నుండి జూన్ 14 వఱకు గల 61 దినముల వేటవిరామమును, కడుపునకు కష్టమైనను, మన నోముగా పాటింపవలయును; ఆ దినములలో బీదకుటుంబములను ఆదుకొను నిధికి పోషకులు తోడ్పడవలయును.

మన తాతలు మనకు పట్టాలు వ్రాసియిచ్చినవారు గారు. పోటుపాటులతో నిండు తంపరను, చేపలుగల కడలిని విడిచి పోయిరి. ఆ సొత్తు తఱుగకుండ మన మనుమలకు అప్పగింతుముగాక!